కంచెకూ కంచె: ఫెయిల్‌టుబ్యాన్‌కు ఎస్‌ఈలినక్స్ హద్దులు

లాగ్‌లు చదివి, పదేపదే తప్పుడు లాగిన్లు చేసే ఐపీ అడ్రసులను ఫైర్‌వాల్‌లో ఆపేసే ఫెయిల్‌టుబ్యాన్ సర్వర్‌లో నడుస్తూనే ఉంటుంది. సర్వీసుల స్థితి చెప్పే సిస్టమ్‌సీటీఎల్‌ను అడిగితే యాక్టివ్ అని పచ్చరంగులో చెబుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ మీద తప్పుడు పాస్‌వర్డ్‌లు కొట్టేవాళ్ల ఐపీ అడ్రసులు రోజూ బ్లాక్ అవుతూనే ఉంటాయి. కానీ అదే సర్వర్‌లో ఉన్న షాపింగ్ అప్లికేషన్ లాగిన్ పేజీ మీద ఒకే అడ్రసు నుంచి రాత్రంతా పాస్‌వర్డ్‌లు ప్రయత్నించినా ఒక్క బ్యాన్ కూడా పడదు. జైలు, అంటే ఏ లాగ్ చూడాలో, ఎన్ని తప్పులకు ఆపాలో చెప్పే సెట్టింగు, రాసే ఉంది. ఫిల్టర్‌లో తప్పుడు ప్రయత్నాల వరుసలను గుర్తుపట్టే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ సరిగ్గానే ఉంది. ఫెయిల్‌టుబ్యాన్-రెజెక్స్ కమాండుతో అదే లాగ్ ఫైలును చేత్తో పరీక్షిస్తే తప్పుడు ప్రయత్నాలన్నీ లెక్కకు వస్తున్నాయి. సర్వీసుగా నడిచినప్పుడు మాత్రం దానికి ఏమీ కనిపించదు.

ఫైలు అనుమతులు చూస్తే తప్పు దొరకదు. సర్వీసు నడిచేది రూట్ పేరు మీదే, చేత్తో పరీక్షించిందీ రూటే. ఒకే యూజర్, ఒకే ఫైలు, ఫలితాలు మాత్రం రెండు. ఈ దశకు వచ్చాక చాలామంది చేసే పని సెట్‌ఎన్‌ఫోర్స్ సున్నా అని కొట్టడం, అంటే ఏ ప్రోగ్రామ్ దేన్ని ముట్టుకోవచ్చో కెర్నెల్‌లో తనిఖీ చేసే ఎస్‌ఈలినక్స్ అడ్డును తాత్కాలికంగా ఎత్తేయడం. కొట్టి సర్వీసును రీస్టార్ట్ చేయగానే బ్యాన్‌లు పడటం మొదలవుతుంది. దోషం ఎస్‌ఈలినక్స్‌దేనని తేలిపోయినట్టు అనిపిస్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో దాన్ని శాశ్వతంగా ఆపేసి వేరే పనిలో పడిపోతారు. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. ఒక్క డైరెక్టరీకి సరైన పేరు (లేబుల్) పెట్టకపోవడం వల్ల వచ్చిన చిక్కు అది. దానికోసం సర్వర్ మొత్తానికున్న కాపలా తీసేశారు.

ఎస్‌ఈలినక్స్ అంటే అర్థంకాని రూల్స్ రాయడమనే భయం బలంగా నాటుకుపోయింది. నిజానికి ఆ రూల్స్‌లో దాదాపు అన్నిటినీ డిస్ట్రిబ్యూషన్ తయారుచేసేవాళ్లు ముందే రాసిపెట్టారు. సర్వర్ చూసుకునే మనిషికి మిగిలే పనిలో సింహభాగం లేబుళ్లు సరిగ్గా పెట్టడమే. ఏ ఫైలు ఏమిటో, ఏ పోర్టు దేనిదో సిస్టమ్‌కు నిజం చెప్పడం అన్నమాట. ఆ నిజం చెప్పకుండా రూల్స్ మీద రూల్స్ కలుపుకుంటూ పోతే పాలసీ ఉన్నట్టే ఉంటుంది కానీ ఆపాల్సిన దాన్ని ఆపదు. ఫెయిల్‌టుబ్యాన్ లాంటి రక్షణ సాధనం దగ్గర ఈ తేడా మరీ ముఖ్యం. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

రూట్ అయినా అడిగి వెళ్లాల్సిందే

యూనిక్స్ సంప్రదాయంలో ఫైలు ఎవరిదో వాళ్లదే ఇష్టారాజ్యం. యజమాని తన ఫైలును ఎవరికైనా తెరిచి పెట్టవచ్చు. రూట్‌కు ఆ పాటి అడ్డు కూడా లేదు. ఒక సర్వీసు రూట్‌గా నడుస్తూ దాడికి లొంగిపోతే, ఆ దాడి చేసినవాడి చేతికి యంత్రం మొత్తం వెళ్లిపోతుంది. ఎస్‌ఈలినక్స్ అమలు చేసే మ్యాండేటరీ యాక్సెస్ కంట్రోల్ అనే పద్ధతి ఈ లెక్కను మారుస్తుంది. ఎవరు దేన్ని ముట్టుకోవచ్చో యజమాని కాకుండా యంత్రమంతటికీ ఒక్కటైన పాలసీ నిర్ణయిస్తుంది. హద్దు గీసిన ప్రోగ్రామ్, రూట్‌గా నడుస్తున్నా సరే, తన హద్దును తాను చెరిపేసుకోలేదు.

ఈ ఆలోచనకు మూలాలు అమెరికా సైనిక కంప్యూటర్ల దగ్గరున్నాయి. రహస్య పత్రాల స్థాయిలను కంప్యూటర్‌లో ఎలా కాపాడాలన్న ప్రశ్నకు బెల్, లాపడ్యూలా అనే పరిశోధకులు 1973లో గణిత నమూనా ఇచ్చారు. 1983లో ఆరెంజ్ బుక్ అని పేరుపడ్డ అమెరికా రక్షణశాఖ ప్రమాణాల పుస్తకం ఈ పద్ధతిని ఉన్నత శ్రేణి యంత్రాలకు తప్పనిసరి చేసింది. అయితే సైనిక స్థాయిల పద్ధతి వెబ్ సర్వర్‌కు, మెయిల్ సర్వర్‌కు పెద్దగా పనికిరాదు. వాటికి కావలసింది 'ఈ రకం ప్రోగ్రామ్ ఈ రకం ఫైలును ముట్టుకోవచ్చు' అని చెప్పే టైప్ ఎన్‌ఫోర్స్‌మెంట్. అమెరికా జాతీయ భద్రతా సంస్థ ఎన్‌ఎస్‌ఏ, సెక్యూర్ కంప్యూటింగ్ కార్పొరేషన్, యూటా విశ్వవిద్యాలయం 1990లలో కలిసి చేసిన ఫ్లాస్క్ నిర్మాణంలో ఆ పద్ధతి ఒక రూపానికి వచ్చింది. దాన్ని లినక్స్‌కు ఎక్కించి ఎన్‌ఎస్‌ఏ 2000 డిసెంబరులో సోర్స్ కోడ్‌తో సహా బయటపెట్టింది. 2001లో కెర్నెల్ డెవలపర్ల సమావేశంలో ఈ ప్రతిపాదన వచ్చినప్పుడు లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒక్క పద్ధతికే కెర్నెల్‌ను కట్టేయడానికి ఒప్పుకోలేదు. ఎవరి పద్ధతినైనా తగిలించుకునే కొక్కేలు పెట్టమన్నారు. లినక్స్ సెక్యూరిటీ మాడ్యూల్స్ అలా పుట్టింది. 2003లో వచ్చిన 2.6 కెర్నెల్‌తో ఎస్‌ఈలినక్స్ ప్రధాన కెర్నెల్‌లో భాగమైంది.

ఈ చరిత్రలో సర్వర్ నడిపేవాళ్లు గుర్తుపెట్టుకోవలసిన మలుపు దాని తర్వాతే వచ్చింది. 2004లో ఫెడోరా కోర్ 2 యంత్రంలోని ప్రతి ప్రోగ్రామ్‌కూ హద్దు గీసే కఠిన పాలసీతో వచ్చింది. జనం రోజూ వాడుకునే పనులకు అది అడుగడుగునా అడ్డుపడింది, డిఫాల్ట్‌గా దాన్ని ఆపి ఉంచాల్సి వచ్చింది. అదే ఏడాది చివర్లో ఫెడోరా కోర్ 3 టార్గెటెడ్ పాలసీకి మారింది. నెట్‌వర్క్‌కు ముఖం పెట్టి కూర్చున్న సర్వీసులకే హద్దులు గీసి, మిగతావాటిని అన్‌కన్ఫైన్డ్‌గా, అంటే దాదాపు స్వేచ్ఛగా వదిలేసింది. 2005లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 4 అదే దారి పట్టింది. ఇవాళ రెడ్‌హ్యాట్, రాకీ, ఆల్మా, ఫెడోరా సర్వర్లలో ఉన్నది ఈ రాజీయే. మొదట్లో చెప్పిన చిక్కుముడి విప్పడానికి ఈ రాజీ తెలిసి ఉండాలి. అడ్మిన్ లాగిన్ అయి చేత్తో నడిపిన ఫెయిల్‌టుబ్యాన్-రెజెక్స్ అన్‌కన్ఫైన్డ్ డొమైన్‌లో (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు పాలసీ ఇచ్చే గుర్తింపు ఇది) నడిచింది, అందుకే ఫైలు చదవగలిగింది. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ లేపిన సర్వీసు ఫెయిల్‌టుబ్యాన్_టి అనే హద్దుగీసిన డొమైన్‌లో నడిచింది, అందుకే చదవలేకపోయింది. ఎస్‌ఈలినక్స్ చూసింది రూట్ అనే పేరును కాదు, డొమైన్‌ను. హద్దుగీసిన సర్వీసుకు ఏది కనిపిస్తుందో తెలుసుకోవాలంటే అడ్మిన్ షెల్‌లో పరీక్షిస్తే చాలదన్నది దీనివల్ల వచ్చే పాఠం.

లేబుల్ ఎక్కడుంటుంది, ఎలా అంటుకుంటుంది

ప్రతి ప్రాసెస్‌కూ ప్రతి ఫైలుకూ నాలుగు ముక్కల కాంటెక్స్ట్ ఉంటుంది: యూజర్, రోల్, టైప్, లెవెల్. టార్గెటెడ్ పాలసీలో రోజువారీ పనికి మూడోదైన టైప్ తెలిస్తే చాలు. టైప్ పేర్ల చివర '_టి' అని తగిలించడం ఆనవాయితీ. ప్రాసెస్‌కున్న టైప్‌ను డొమైన్ అంటారు. ఫైలుకున్న టైప్ ఫైలు పేరులోనో దారిలోనో ఉండదు, ఫైలు సిస్టమ్‌లో ఆ ఫైలు ఇనోడ్‌కు (ఫైలు వివరాలు దాచే నమోదుకు) అంటుకుని ఉంటుంది. ఎల్‌ఎస్ కమాండుకు పెద్ద జెడ్ ఆప్షన్ ఇస్తే ఫైళ్ల లేబుళ్లు, పీఎస్ కమాండుకు అదే ఇస్తే ప్రాసెస్‌ల డొమైన్లు కనిపిస్తాయి.

లేబుల్ ఇనోడ్‌కే అంటుకుని ఉండటం వల్ల ఫైలును ఎంవీ కమాండుతో జరిపితే పాత లేబుల్ వెంట వస్తుంది. సీపీతో కాపీ చేస్తే కొత్త చోటి లేబుల్ వస్తుంది. హోమ్ డైరెక్టరీలో తయారుచేసిన వెబ్ పేజీని వెబ్ డైరెక్టరీలోకి ఎంవీతో జరిపి, బ్రౌజర్‌లో 403 (అనుమతి లేదు) అని చూసి తలపట్టుకునే వాళ్ల కథ వెనకున్నది ఇంతే. ఆ ఫైలు ఇల్లు మారింది కానీ దాని మీద ఇంకా పాత ఇంటి పేరే ఉంది.

సర్వీసు తన డొమైన్‌లోకి వెళ్లే తీరు కూడా లేబుళ్ల మీదే ఆధారపడింది. ఫెయిల్‌టుబ్యాన్-సర్వర్ ఫైలుకు ఫెయిల్‌టుబ్యాన్_ఎక్జెక్_టి అనే లేబుల్ ఉంటుంది. సిస్టమ్‌డీ ఆ లేబుల్ ఉన్న ఫైలును నడిపినప్పుడు ప్రాసెస్ ఫెయిల్‌టుబ్యాన్_టిలోకి మారాలని పాలసీ చెబుతుంది. ఆ డొమైన్‌కు ఆ ఫైలే గుమ్మం. ఇప్పుడు అదే ఫెయిల్‌టుబ్యాన్‌ను ప్యాకేజీ నుంచి కాకుండా /ఆప్ట్ కింద ఒక పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో దించుకుని, చేత్తో యూనిట్ ఫైలు రాసుకుని నడిపితే? /ఆప్ట్ కిందుండే బిన్ డైరెక్టరీలోని ఫైళ్లకు మామూలు బిన్_టి లేబుల్ పడుతుంది. సిస్టమ్‌డీ బిన్_టి ఫైలును నడిపితే ప్రాసెస్ అన్‌కన్ఫైన్డ్_సర్వీస్_టిలోకి వెళుతుంది, అంటే హద్దు లేనట్టే. గెట్‌ఎన్‌ఫోర్స్ అడిగితే ఎన్‌ఫోర్సింగ్ (పాలసీ అమల్లో ఉంది) అనే సమాధానం వస్తుంది. ఏ డినయల్ (అనుమతి నిరాకరించిన సందేశం) రాదు, అన్నీ సాఫీగా నడుస్తాయి. సాఫీగా నడవడానికి కారణం అక్కడ ఎవరూ ఏదీ తనిఖీ చేయకపోవడమే. బయటి కంపెనీల ఏజెంట్లు, మానిటరింగ్ సాధనాలు ఎన్నో సర్వర్లలో ఇలాగే కూర్చుని ఉంటాయి. ఎన్‌ఫోర్సింగ్ అన్న మాట చూసి తృప్తిపడకుండా పీఎస్ జాబితాలో అన్‌కన్ఫైన్డ్_సర్వీస్_టి పేరుతో ఎన్ని ప్రాసెస్‌లున్నాయో లెక్కపెట్టడం ఏ సర్వర్‌లోనైనా మొదట చేయదగిన పని.

కంచే చేను మేస్తే

ఫెయిల్‌టుబ్యాన్ రక్షణ సాధనం కదా, దానికి హద్దులెందుకు అనే ప్రశ్న వస్తుంది. సమాధానం దాని పనిలోనే ఉంది. అది రూట్‌గా నడుస్తుంది, ఎందుకంటే ఫైర్‌వాల్‌ను మార్చాలి. యంత్రంలోని లాగ్‌లను చదువుతుంది. ఆ లాగ్‌లలో ఉన్నది చాలావరకు బయటివాడు రాసిన రాతే. ఎస్‌ఎస్‌హెచ్‌లో లేని యూజర్ పేరు కొట్టి చూస్తే ఆ పేరు యథాతథంగా లాగ్‌లోకి ఎక్కుతుంది. వెబ్ సర్వర్‌కు పంపిన యూఆర్‌ఎల్, బ్రౌజర్ పేరు కూడా అంతే. అంటే దాడి చేసేవాడు రాసిన వాక్యాలను రూట్ అధికారంతో కూర్చుని చదివే ప్రోగ్రామ్ ఇది.

ఇదేమీ ఊహాగానం కాదు. 2021లో బయటపడిన సీవీఈ-2021-32749 అనే భద్రతా లోపం సరిగ్గా ఈ దారిలోనే వచ్చింది. బ్యాన్ చేసిన ఐపీ వివరాలను, ఏ అడ్రసు ఎవరిదో చెప్పే హూయిజ్ సర్వర్ నుంచి తెచ్చి అడ్మిన్‌కు మెయిల్ పంపే యాక్షన్ (బ్యాన్ పడగానే చేసే పని) ఒకటి ఫెయిల్‌టుబ్యాన్‌లో ఉంది. ఆ మెయిల్ పంపడానికి వాడే మెయిల్ కమాండు మెయిల్‌యుటిల్స్ ప్యాకేజీదైతే, వరుస మొదట్లో టిల్డే గుర్తు (~) ఉన్న కొన్ని వాక్యాలను ఆదేశాలుగా తీసుకునేది. హూయిజ్ సమాధానంలో అలాంటి వరుస దూర్చగలిగినవాడు సర్వర్‌లో తన కమాండు నడిపించగలిగేవాడు. 0.10.7, 0.11.3 విడుదలల్లో దీన్ని సరిదిద్దారు. మన పొలాన్ని కాయాల్సిన కంచె గుండానే పశువు లోపలికి వచ్చే దారి అది. ఇలాంటి లోపం రేపు మరొకటి రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. అది వచ్చిన రోజున దాడి చేసినవాడి చేతికి చిక్కేది యంత్రమంతా తిరగగల రూట్ కాకుండా, నాలుగు గోడల మధ్య ఉన్న రూట్ కావాలి. హద్దు గీసేది ఆ రోజు కోసమే.

పాలసీ ఫెయిల్‌టుబ్యాన్_టికి ఇచ్చే అనుమతులు చూస్తే రాసినవాళ్ల ఆలోచన తెలుస్తుంది. లాగ్ అని గుర్తింపు ఉన్న టైప్‌లన్నిటినీ చదవవచ్చు. తన సొంత డేటాబేస్, సాకెట్, లాగ్ రాసుకోవచ్చు. ఫైర్‌వాల్‌ను మార్చే ఐపీటేబుల్స్‌ను నడపవచ్చు కానీ అది నడిచేది వేరే డొమైన్‌లో. మెయిల్ పంపవచ్చు, హూయిజ్ పోర్టుకు కనెక్ట్ కావచ్చు. ఆ ప్రోగ్రామ్ చేసే పనులకు ఇది సరిపోయే జాబితా. డిస్ట్రిబ్యూషన్‌ను బట్టి, వెర్షన్‌ను బట్టి ఈ జాబితాలో తేడాలుంటాయి కాబట్టి సెటూల్స్ ప్యాకేజీలోని సెసెర్చ్ కమాండుతో తమ యంత్రంలోని పాలసీని తామే అడిగి చూసుకోవడం మంచిది. ఏ బ్లాగు పోస్టు కన్నా ఆ సమాధానమే నమ్మదగినది.

డినయల్‌ను చదవడం

మళ్లీ మొదటి సర్వర్ దగ్గరికి. అప్లికేషన్ తన లాగ్‌లను /డేటా/షాప్/లాగ్స్ అనే డైరెక్టరీలో రాస్తోందనుకుందాం. రూట్ డైరెక్టరీ (/) కింద కొత్తగా సృష్టించిన /డేటా గురించి పాలసీకి ఏమీ తెలియదు, కాబట్టి అందులోని ప్రతిదానికీ డిఫాల్ట్_టి అనే లేబుల్ పడుతుంది. పేరు తెలియని వస్తువులన్నిటికీ పెట్టే పేరు అది. హద్దుగీసిన డొమైన్లకు దాన్ని ముట్టుకునే అనుమతి ఉండదు, ఉండకూడదు కూడా. ఏమిటో తెలియని వస్తువును ఎవరికి ఇవ్వాలో పాలసీ ఎలా చెప్పగలదు?

ఆడిట్ లాగ్‌లో దీని జాడ ఉంటుంది. ఏయూసెర్చ్ కమాండుతో ఏవీసీ రకం సందేశాలను (ఎస్‌ఈలినక్స్ నిరాకరణలను) ఇటీవలి కాలానికి అడిగితే ఒక పొడవాటి వరుస వస్తుంది. భయపెట్టేంత పొడవున్నా అందులో చూడవలసినవి నాలుగే. ఏ చర్యను కాదన్నారు, ఎవరు అడిగారు, దేన్ని అడిగారు, ఆ 'దేన్ని' అన్నది ఏ జాతి వస్తువు. ఇక్కడ చర్య చదవడం, అడిగినవాడు ఫెయిల్‌టుబ్యాన్_టి, అడిగింది డిఫాల్ట్_టిని, జాతి ఫైలు లేదా డైరెక్టరీ. వరుసను ఇలా తెలుగులో చెప్పుకుంటే సగం సమస్య తీరిపోతుంది: 'ఫెయిల్‌టుబ్యాన్ ఒక పేరులేని ఫైలును చదవబోతే వద్దన్నారు.' తప్పు ఎక్కడుందో ఈ వాక్యంలోనే తెలుస్తోంది. ఫైలుకు పేరు లేదు.

ఆడిట్‌టుఅలౌ అనే సాధనం ఈ వాక్యాన్ని అర్థం చేసుకోదు. దాని పని డినయల్‌ను అనుమతి రూల్‌గా తిరగరాయడం వరకే. దాని చేతికిస్తే 'ఫెయిల్‌టుబ్యాన్_టి, డిఫాల్ట్_టి ఫైళ్లన్నిటినీ చదవవచ్చు' అని ఒక మాడ్యూల్ తయారుచేసి పెడుతుంది. దాన్ని ఎక్కించగానే సమస్య తీరిపోతుంది. కానీ రేపు ఎవరో /డేటా కిందే డేటాబేస్ బ్యాకప్ పెడతారు. మరొకరు /కీస్ అని డైరెక్టరీ తెరిచి టీఎల్‌ఎస్ ప్రైవేట్ కీలు పడేస్తారు. అవీ డిఫాల్ట్_టి పేరు మీదే ఉంటాయి, బయటివాడి రాతలు చదివే ప్రోగ్రామ్‌కు అవి కూడా తెరుచుకునే ఉంటాయి. ఒక్క గది తాళం కావాలంటే పేర్లు రాయని గదులన్నిటి తాళాల గుత్తి ఇచ్చినట్టయింది. ఈ సాధనం కొన్నిసార్లు ఫైలు లేబుల్ తప్పు అని హెచ్చరిస్తుంది నిజమే, కానీ అలా హెచ్చరించగలిగేది పాలసీ చెప్పిన లేబుల్‌కు, ఫైలు మీదున్న లేబుల్‌కు తేడా ఉన్నప్పుడే. కొత్త డైరెక్టరీ గురించి పాలసీకే తెలియనప్పుడు దానికి తేడా ఏమీ కనిపించదు.

సరైన మందు రెండు కమాండులు. సెమేనేజ్ ఎఫ్‌కాంటెక్స్ట్‌తో /డేటా/షాప్/లాగ్స్‌కు, దాని కిందున్న వాటన్నిటికీ లాగ్ టైప్ అని పాలసీలో నమోదు చేయాలి. తర్వాత రీస్టోర్‌కాన్‌తో ఆ నమోదును ఫైళ్ల మీదికి దించాలి. మొదటిది చేసి రెండోది మరిచిపోతే ఏమీ మారదు. నమోదు చేయకుండా సీహెచ్‌కాన్‌తో నేరుగా ఫైళ్ల లేబుల్ మారిస్తే పని జరుగుతుంది కానీ, ఎప్పుడో ఒకరోజు ఎవరో పాలసీలోని నమోదు ప్రకారం ఫైళ్లన్నిటినీ రీలేబుల్ చేస్తారు, ఆ మార్పు పోతుంది, ఫెయిల్‌టుబ్యాన్ మళ్లీ మౌనంగా గుడ్డిదైపోతుంది. ఆ రోజుకి ఇదంతా ఎవరికీ గుర్తుండదు. నమోదు డైరెక్టరీకే ఉంటే లాగ్ రొటేషన్‌లో పుట్టే కొత్త ఫైళ్లు కూడా తల్లి డైరెక్టరీ టైప్‌నే పొందుతాయి.

ఏ లాగ్ టైప్ అన్నది మాత్రం ఆలోచించి పెట్టాలి. చదివేవాడు ఒకడే అయినా రాసేవాడు వేరు. అప్లికేషన్ అపాచీలో భాగంగా హెచ్‌టీటీపీడీ_టి డొమైన్‌లో నడుస్తుంటే, మామూలు వార్_లాగ్_టి పెడితే ఫెయిల్‌టుబ్యాన్ చదవగలుగుతుంది కానీ అప్లికేషన్ రాయలేకపోతుంది. అప్పుడు హెచ్‌టీటీపీడీ_లాగ్_టి పెట్టాలి. వెబ్ సర్వర్‌కు లాగ్ చివర చేర్చే అనుమతి ఇచ్చి, పాత వరుసలను తుడిచి రాసే అనుమతి ఇవ్వకపోవడమన్నది ఆ టైప్ వెనకున్న ఆలోచన. వెబ్ సర్వర్ దొంగల పాలైనా తన అడుగుజాడలు తాను చెరుపుకోలేకుండా ఉండేందుకు. ఒక పేరు ఎన్నుకోవడంలో ఇంత భద్రత దాగి ఉందని తెలిసినప్పుడు, లేబుళ్లను విసుగుపుట్టించే తతంగంగా చూడటం కష్టం.

లేబుల్ సరిచేశాక కూడా డినయల్స్ వస్తే వాటిని ఒక్కొక్కటిగా తరుముతూ కూర్చోనక్కర్లేదు. ఎన్‌ఫోర్సింగ్‌లో మొదటి అడ్డు దగ్గరే ప్రోగ్రామ్ ఆగిపోతుంది కాబట్టి తర్వాతి అడ్డులు కనిపించవు. డైరెక్టరీలోకి వెళ్లడం, ఫైలు వివరాలు అడగడం, తెరవడం, చదవడం అన్నవి వేర్వేరు అనుమతులు. అన్నీ ఒకేసారి చూడాలంటే యంత్రం మొత్తాన్ని కాకుండా ఫెయిల్‌టుబ్యాన్_టి ఒక్కదాన్నే సెమేనేజ్ పర్మిసివ్‌తో, అంటే ఆపకుండా సందేశాలు మాత్రం రాసేలా, సడలించాలి. మిగతా సర్వీసుల కాపలా అలాగే ఉంటుంది. ఏ సందేశమూ రాకుండా పని మాత్రం ఆగిపోతుంటే రెండు అనుమానాలు. ఒకటి, మామూలు యూనిక్స్ అనుమతే అడ్డుకుని ఉండవచ్చు. కెర్నెల్ ముందు దాన్నే చూస్తుంది, అక్కడే ఆగితే ఎస్‌ఈలినక్స్ దాకా విషయం రాదు. రెండు, పాలసీలో డోంట్ఆడిట్ రూల్ ఆ సందేశాన్ని దాచి ఉండవచ్చు. సెమాడ్యూల్‌కు పెద్ద డి, పెద్ద బి ఆప్షన్లు ఇస్తే ఆ మూతలు తాత్కాలికంగా తొలగిపోతాయి. ఇక డాక్_ఓవర్‌రైడ్ అనే కేపబిలిటీని (ఫైలు అనుమతులను పట్టించుకోకుండా వెళ్లే రూట్ అధికారాన్ని) కాదన్నట్టు సందేశం వస్తే, పాలసీని వదిలి ఫైలు ఎవరి పేరు మీదుందో, గ్రూపు అనుమతి ఉందో చూడాలి. రూట్ అధికారంతో అనుమతులను తొక్కి వెళ్లబోయారన్నది దాని అర్థం.

పోర్టులు, యాక్షన్లు

ఎస్‌ఎస్‌హెచ్‌ను 22 నుంచి 2222కు మార్చేవాళ్లు చాలామంది. పాలసీ దృష్టిలో పోర్టుకూ లేబుల్ ఉంటుంది. 2222ను ఎస్‌ఎస్‌హెచ్_పోర్ట్_టిలో చేర్చకపోతే ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసు ఆ పోర్టు మీద లేవదు, తప్పు వెంటనే బయటపడుతుంది. బయటపడని తప్పు ఇంకోటి ఉంది. ఫెయిల్‌టుబ్యాన్ జైల్లో పోర్టు అన్నచోట ఎస్‌ఎస్‌హెచ్ అనే మాటే మిగిలిపోతే, పోర్టులవారీగా అడ్డుకునే యాక్షన్ 22నే మూస్తుంది. దాడి 2222 మీద నిరాటంకంగా సాగుతుంది, స్టేటస్‌లో మాత్రం బ్యాన్‌ల లెక్క పెరుగుతూ ఉంటుంది. ఇది ఎస్‌ఈలినక్స్ తప్పు కాదు, కానీ పోర్టు మార్చేటప్పుడు సర్వీసు కాన్ఫిగ్, పాలసీ, ఫైర్‌వాల్, జైలు అనే నాలుగు చోట్లా మార్చాలన్నది కలిపి గుర్తుపెట్టుకోవలసిన విషయం.

పాలసీ రాసేవాడి వివేకానికి అసలు పరీక్ష సొంత యాక్షన్ల దగ్గర. బ్యాన్ పడగానే టీమ్ చాట్‌లోకి సందేశం పంపాలని ఒక చిన్న స్క్రిప్టు రాస్తారు. అది హెచ్‌టీటీపీఎస్ ద్వారా ఒక వెబ్‌హుక్‌ను, అంటే సందేశాలు అందుకునే వెబ్ అడ్రసును, పిలుస్తుంది. స్క్రిప్టు ఫెయిల్‌టుబ్యాన్_టి డొమైన్‌లోనే నడుస్తుంది. పాలసీలో వెబ్ పోర్టులకు కనెక్ట్ అయ్యే అనుమతి లేనిచోట డినయల్ వస్తుంది. ఈసారి లేబుల్ తప్పు ఏమీ లేదు. అడిగినవాడు ఎవరో, అడిగింది ఏమిటో రెండూ స్పష్టమే. అలాగని అనుమతి రూల్ రాసేయవచ్చా?

రాయకూడదనడానికి బలమైన కారణం ఉంది. ఈ డొమైన్ యంత్రంలోని లాగ్‌లన్నీ చదవగలదు. లాగ్‌లలో యూజర్ల పేర్లుంటాయి, ఐపీ అడ్రసులుంటాయి, యూఆర్‌ఎల్‌లో ఇరుక్కున్న టోకెన్లుంటాయి, తొందరలో యూజర్ పేరు స్థానంలో కొట్టిన పాస్‌వర్డ్‌లు కూడా ఉంటాయి. అన్నీ చదవగల ప్రోగ్రామ్‌కు ఇంటర్నెట్‌లో ఎక్కడికైనా పంపగల అనుమతి కూడా ఇస్తే, అది లొంగిపోయిన రోజున సమాచారం బయటికి పోవడానికి రాచబాట వేసినట్టే. చదవడం ఒక్కటే అయితే ప్రమాదం తక్కువ, పంపడం ఒక్కటే అయినా తక్కువే. రెండూ ఒకే డొమైన్‌లో కలవడమే ముప్పు. కాబట్టి పనిని విడదీయాలి. యాక్షన్ తన సొంత రన్ డైరెక్టరీలో ఒక చిన్న ఫైలు రాసి ఊరుకోవాలి. సిస్టమ్‌డీ పాత్ యూనిట్ ఆ ఫైలును గమనించి వేరొక సర్వీసును లేపాలి. లాగ్‌లు చదవలేని, వెబ్ పోర్టుకు మాత్రమే వెళ్లగలిగే ఆ సర్వీసు సందేశం పంపాలి. దానికి సొంత డొమైన్ రాయడానికి సెపాలసీ జనరేట్ ఇచ్చే ముసాయిదా సరిపోతుంది. ఒక పూట పని ఎక్కువవుతుంది. రూట్‌గా నడిచే ప్రోగ్రామ్ కోసం ఆ పూట వెచ్చించడం న్యాయమే.

ఉబుంటు, డెబియన్ వాడేవాళ్లకు ఎస్‌ఈలినక్స్ బదులు యాప్‌ఆర్మర్ ఉంటుంది. డెబియన్‌లో 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా అదే. అది లేబుళ్లను కాకుండా ఫైలు దారిని చూస్తుంది. పై సమస్యకు ప్రొఫైల్‌లో ఆ డైరెక్టరీ పేరుతో ఒక్క వరుస చేర్చితే చాలు. చదవడానికి హాయిగా ఉంటుంది. కానీ లాగ్‌లన్నీ అనే జాతిపేరు అక్కడ లేదు, ప్రతి దారినీ విడివిడిగా చెప్పాలి. ఇక ఓపెన్‌సూసే టంబుల్‌వీడ్ 2025లో కొత్త ఇన్‌స్టలేషన్లకు యాప్‌ఆర్మర్‌ను వదిలి ఎస్‌ఈలినక్స్‌కు మారింది. కెర్నెల్ వైపు చూస్తే, నడుస్తున్న యంత్రంలో ఎస్‌ఈలినక్స్‌ను పూర్తిగా పీకేసే సదుపాయాన్ని 2023లో వచ్చిన 6.4 కెర్నెల్‌లో తీసేశారు. ఆపేయడమనే దారి ఏటికేడు ఇరుకవుతోంది.

ఏ పాలసీ అయినా కెర్నెల్ మీదే నిలబడి ఉంటుంది. కెర్నెల్‌లోనే లోపముంటే లేబుళ్లు కాపాడలేవు. అప్‌డేట్లకు పాలసీ ప్రత్యామ్నాయం కాదు, ఫెయిల్‌టుబ్యాన్ కూడా బలమైన పాస్‌వర్డ్‌లకు, కీ లాగిన్‌కు ప్రత్యామ్నాయం కాదు. డిఫాల్ట్‌గా పది నిమిషాల్లో ఐదు తప్పులు చేస్తే పది నిమిషాలు ఆపుతుంది, అంతే. వేల అడ్రసుల నుంచి తలా రెండు ప్రయత్నాలు చేసేవాళ్లను అది పట్టలేదు.

మార్పులన్నీ అయ్యాక పరీక్ష మాత్రం సర్వీసు ద్వారానే జరగాలి. వేరే నెట్‌వర్క్ నుంచి, ఉదాహరణకు ఫోన్ డేటా మీద నుంచి, షాపింగ్ పేజీలో ఆరుసార్లు తప్పుడు పాస్‌వర్డ్ కొట్టి, ఫెయిల్‌టుబ్యాన్-క్లయింట్ స్టేటస్‌లో ఆ అడ్రసు పడిందో లేదో చూడాలి. ఆఫీసు అడ్రసు నుంచి ఈ ప్రయోగం చేస్తే తలుపు తమకే మూసుకుపోతుంది. తర్వాత సడలించిన డొమైన్‌ను పర్మిసివ్ జాబితాలోంచి తీసేసి, డోంట్ఆడిట్ మూతలను సెమాడ్యూల్‌తో తిరిగి పెట్టి, యంత్రాన్ని ఒకసారి రీబూట్ చేసి, అదే ఫోన్‌తో అదే ప్రయత్నం మళ్లీ చేయాలి. రెండోసారి కూడా బ్యాన్ పడి, ఏయూసెర్చ్‌లో ఫెయిల్‌టుబ్యాన్_టి పేరు మీద కొత్త వరుస ఏదీ రాకపోతే, పేర్లు సరిగ్గా కుదిరినట్టు.